వెనక సీటు

38 ఏళ్ళు బళ్ళు నడిపాను. నడిపినవాటిలో ఒక్కటి కూడా నాది కాదు. అయినా కార్ల గురించి మాట్లాడే హక్కు కార్లున్నవాళ్ళ కంటే నాకే ఎక్కువ ఉందనుకుంటాను. వాళ్ళకి కారంటే రంగు, పేరు, ఖరీదు. నాకు కారంటే క్లచ్చి మీద ఎడం కాలు, బ్రేకు మీద కుడి కాలు, వీపు మీద చెమట, వెనక నించి వినపడే గొంతు. బయట నిలబడి చూసేవాడు కారుని మెచ్చుకుంటాడు. వెనక కూర్చున్నవాడు నిద్రపోతాడు. దాని గుణం తెలిసేది నడిపేవాడికే.

డబ్బున్నవాళ్ళు నలుగురు చేరితే కార్ల మీదికి మాట పోతుంది. లాటరీ తగిలితే ఏయే కార్లు కొంటావు, ఇన్నాళ్ళలో నువ్వు నడిపిన పరమ చెత్త కారు ఏది అని ఒకర్నొకరు అడుక్కుంటారు. ముందు సీట్లో కూర్చుని ఈ మాటలు వందసార్లు విన్నాను. ఒక్కడూ నా వైపు తిరిగి, నువ్వేమంటావురా అని అడగలేదు. అందుకే అడక్కుండానే ఇక్కడ చెప్తున్నాను.

మాది బాపట్లకీ చీరాలకీ నడుమ ఒక ఊరు. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నించి బాపట్ల జిల్లా. మా నాయన చెప్పులు కుట్టేవాడు. మోట తొండాలు కుట్టేవాడు. ఆయిలింజన్లొచ్చి మోటల్ని మింగేశాక చెప్పులే మిగిలాయి. ఆరె, రంపె, గూటం. ఇవే మా ఆస్తి. ఏడాది పొడుగునా ఊరందరి తోలు పనీ చేస్తే కళ్ళంలో ఇంత మేర కొలిచేవాళ్ళు. అది కూడా తాలుగింజలు.

నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయి లారీ క్లీనరుగా ఎక్కాను. ఆ లారీ నడిపేది ఒక ముసలి సాయిబు. నాకు స్టీరింగు ఇచ్చిన మొదటి మనిషి ఆయనే. అర్ధరాత్రి దాటాక రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, "రా బేటా, కూర్చో" అనేవాడు. నీదే కులం అని ఎప్పుడూ అడగలేదు. చేతులు కడుక్కున్నావా అని మాత్రం అడిగేవాడు. అది గ్రీజు కోసం. నా చేతులు కడుక్కోమన్న వాళ్ళందరిలో న్యాయమైన కారణంతో అడిగింది ఆయనొక్కడే.

1978లో లైసెన్సు వచ్చింది. మరుసటేడు మా ఊరి కామందు దగ్గర డ్రైవరుగా చేరాను. అంతకు ముందు ఆయన కులపోడే డ్రైవరుగా ఉండేవాడు. "మనోడైతే పంక్తిలో కూర్చుంటాడు, బావా అని వరస కలిపి అప్పడుగుతాడు. మాదిగోడైతే సగం జీతం, సగం నోరు" అని కామందు ఎవరితోనో అంటుంటే నా చెవులతో విన్నాను. నేనక్కడే టైరుకి గాలి కొడుతున్నాను.

కారుకి కొన్ని కట్టుబాట్లుండేవి. స్టీరింగు ముట్టుకోవచ్చు. గేరు ముట్టుకోవచ్చు. ముందు సీట్లో కూర్చోవచ్చు. నేను కూర్చోకపోతే కారు కదలదు గనక. వెనక సీటు దులపొచ్చు, తుడవొచ్చు, ఎండలో పెట్టి తియ్యొచ్చు. కూర్చోకూడదు. పెళ్ళికి తీసుకెళ్ళి నాలుగు గంటలు ఎండలో కాపలా ఉన్నా సరే, చెట్టు కిందే. దాహమేస్తే నీళ్ళు దోసిట్లో పైనించి పోసేవాళ్ళు. అదే దోసిలి వాళ్ళ పిల్లల ప్రాణాల్ని స్టీరింగు మీద మోస్తుంది. అంటు అనేది శాస్త్రాల్లో ఎలా ఉందో నాకు తెలీదు. కారులో మాత్రం అది అవసరాన్ని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుందని నాకక్కడ తెలిసింది.

మొదట ఆయన దగ్గర పాత ఫియట్ ఉండేది. ఎన్నో చేతులు మారి వచ్చింది. సముద్రపు ఉప్పుగాలికి అడుగు రేకు తినేసింది. వానొస్తే రోడ్డు మీది బురద నీళ్ళు బొక్కలోంచి లోపలికి చిమ్మేవి. కామందు వెనక వైపు రేకు కొట్టించాడు. ముందు వైపు కూడా కొట్టించండయ్యా అంటే, "ముందు నీ కాళ్ళేగా ఉండేది" అన్నాడు. నా చెప్పులు నానిపోతాయని మా నాయన టైరు ముక్కతో జోడు కుట్టిచ్చాడు. కాళ్ళ మధ్య నించి రోడ్డు పరిగెత్తుకుపోతుంటే చూస్తూ రెండేళ్ళు నడిపాను.

1981లో అంబాసిడర్ వచ్చింది. అదీ పాతదే. ఇప్పటి పిల్లలకి ఆ కారు విలువ అర్థం కాదు. అప్పట్లో దేశం మొత్తానికి కార్లు చేసేవాళ్ళు ముగ్గురే. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. కొత్తది కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుక్కూర్చోవాలి. ఇంగ్లండు వాళ్ళు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని పిలిచిన పాత కారుకి మన దేశంలో అంబాసిడర్ అని పేరు పెట్టి, 1950ల చివరి నించి 2014 మే దాకా చేశారు. మంత్రులెక్కిన కారది. ఊళ్ళోకి అంబాసిడర్ వస్తే, మా గూడెంలో మంచాల మీద కూర్చున్న ముసలాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. లోపల ఎవరున్నారో చూడకుండానే.

ఆ కారు వెనక సీటు రెగ్జిను అడ్డంగా చిరిగి ఉంది. లోపలి కొబ్బరి పీచు బయటికొచ్చింది. చీరాల్లో సీట్ల షాపువాడు చెప్పిన రేటు కామందుకి ఎక్కువనిపించింది. "ఒరే, మీ నాయన్ని రమ్మను" అన్నాడు.

మా నాయన దారానికి మైనం రుద్దుకుని, ఆరె పట్టుకుని వచ్చాడు. సీటు ఊడదీసి చింతచెట్టు కింద వేశాం. రెండు రోజులు కుట్టాడు. మామూలు కుట్టు కాదు. మోట తొండం నీళ్ళు కారకుండా కుట్టే జంట కుట్టు. ఒక దారం లోపలికి పోతుంటే ఇంకో దారం బయటికి వస్తుంది. కుట్టు మీద వేలితో రాస్తే గాటు తగలదు. అయిపోయాక కామందు దాని మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూశాడు. "గట్టిగానే కుట్టావే" అన్నాడు. కూలి? కళ్ళంలో మేర ఉంది కదా. సీటు కూడా చెప్పుల లెక్కలోకే పోయింది.

కామందుకి కార్ల పిచ్చి మామూలుది కాదు. ఆయన దగ్గర లావుపాటి ఆల్బం ఉండేది. ఇంగ్లీషు పత్రికల్లోంచి, కేలండర్లలోంచి కార్ల బొమ్మలు కత్తిరించి అంటించేవాడు. బెంజి, కాడిలాక్, ఇంపాలా, రోల్స్ రాయిస్. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతూ, ఇది కొంటాను, దీనికి ఈ రంగు వేయిస్తాను అని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. నేను అరుగు కింద నిలబడి లాంతరు పట్టుకునేవాణ్ణి, కరెంటు లేనప్పుడు. ఆ ఆల్బంలో ప్రతి కారు పక్కనా ఒక తెల్లమ్మాయి నవ్వుతా నిలబడి ఉండేది. డ్రైవరు మాత్రం ఒక్క బొమ్మలోనూ లేడు. కార్లు వాటంతటవే నడుస్తాయి కాబోలు.

ఆల్బంలో అన్ని కార్లున్నాయి, ఇంట్లో ఉన్న కారుకి బ్రేకుల్లేవు. చక్రం దగ్గర సిలిండరు కారిపోయి బ్రేకు ఆయిలు నిలిచేది కాదు. మూడుసార్లు తొక్కితే నాలుగోసారికి పట్టేది. మెకానిక్కు కిట్టు మార్చాలన్నాడు. ఆ డబ్బుతో కామందు వెనక అద్దానికి కుచ్చుల తెర, కొత్త హారను కొన్నాడు. బ్రేకు సంగతి ఎత్తితే, "నీకు కాలు లేదంట్రా? కాస్త ముందే తొక్కు" అనేవాడు. ఇది కారు చేసినవాడి తప్పు కాదు. మంచి బండే. దాని కింద పడుకున్నవాణ్ణి, నాకు తెలుసు. వెనక కూర్చునేవాడికి తెర కనిపిస్తుంది, బ్రేకు కనపడదు. అంతే తేడా.

1984 వానాకాలం. రాత్రి తొమ్మిదయింది. మా అక్క కొడుకు ఏడేళ్ళవాడు, గడ్డివాము దగ్గర ఆడుకుంటుంటే ఏదో కుట్టిందన్నాడు. చూస్తే కట్లపాము. పెద్దగా నొప్పి లేదన్నాడు గాని, కాసేపటికి రెప్పలు వాలిపోతన్నాయి, మాట ముద్దగా వస్తంది. మంత్రగాడికి కబురు పెడదామని కొందరన్నారు. లారీ మీద తిరిగినప్పుడు రెండు మూడు చోట్ల చూశాను, మంత్రం వేయించినవాళ్ళు తెల్లారేసరికి ఏమయ్యారో. ఆసుపత్రికే పోవాలి. 12 కిలోమీటర్లు. ఎడ్లబండి మీద ఎప్పటికి చేరతాం?

కారు పొగాకు గోడౌను పక్కన షెడ్డులో ఉంటుంది. తెల్లారుజామునే తీయాలి గనక తాళం నా దగ్గరే ఉండేది. కామందు తలుపు తట్టి అడుగుదామా అనిపించింది. అడిగితే ఇవ్వడు. ఇవ్వనన్నాక తీసుకెళ్తే దొంగతనమవుద్ది. అడక్కుండా తీసుకెళ్తే పొగరవుద్ది. దొంగతనం కంటే పొగరే మేలనుకున్నాను.

గూడెం మొగలోకి కారు తెచ్చాను. లోపలికి రాదు, దారి అంత ఇరుకు. అక్క పిల్లోణ్ణి ఒళ్ళో వేసుకుని వెనక కూర్చుంది. పక్కన మా అమ్మ. మా నాయన ఎక్కి సీటు మీద కూర్చోలేదు. వాళ్ళ కాళ్ళ దగ్గర, కింద రేకు మీద గొంతుక్కూర్చున్నాడు. "నాయనా, పైన చోటుంది కదా, కూర్చో" అన్నాను. "వద్దులేరా. కుట్లు నావేగా, ఇక్కణ్ణించే చూసుకుంటా" అన్నాడు.

దారిలో రైలు గేటు ఉంది. దూరం నించే ఎర్ర లైటు కనపడింది. బ్రేకు తొక్కితే పాదం తిన్నగా నేలకి పోయింది. మూడో గేరు, రెండో గేరు, హాండ్ బ్రేకు లాగాను. మళ్ళీ మళ్ళీ తొక్కాను. బండి గేటు కర్రకి మూరెడు దూరంలో ఆగింది. గూడ్సు బండి. దానికి అంతూ పొంతూ లేదు. ఒక్కో పెట్టె పోతుంటే మా అక్క ఒక్కోసారి పిల్లోణ్ణి పేరు పెట్టి పిలుస్తా ఉంది. నిద్రపోవద్దురా అని. ఆ రైలుకి ఎన్ని పెట్టెలున్నాయో, వాడి పేరు అన్నిసార్లు ఆ రాత్రి పిలవబడింది.

వాడు బతికాడు. విరుగుడు సూదిమందు ఇచ్చి, నాలుగు రోజులు ఉంచి పంపించారు. ఇప్పుడు వాడు బడిపంతులు. వాడి పిల్లలు కాలేజీలో ఉన్నారు.

తెల్లారేసరికి కారు షెడ్డులో పెట్టి, తుడిచి, నేనే వెళ్ళి కామందుకి చెప్పాను. ఆయన తిట్టలేదు. "పిల్లోడు బతికాడుగా, సంతోషంరా. నాతో ఒక మాట చెప్పాల్సింది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే కష్టం. చెడ్డవాడైతే చెప్పడం తేలిక.

పదింటికల్లా ఆయన తల్లి వెనక సీటు ఊడదీయించింది. బావి దగ్గర వేయించి బిందెలతో నీళ్ళు కుమ్మరించారు. పసుపు నీళ్ళు చల్లారు. నేను చూస్తూ నిలబడ్డాను. స్టీరింగు కడగలేదు. గేరు కర్ర కడగలేదు. నేను రోజూ కూర్చునే ముందు సీటు కడగలేదు. మా నాయన కుట్టిన సీటు, మా నాయన కూర్చోని సీటు, దాన్ని మాత్రం కడిగారు. ఆ నెల జీతంలో పెట్రోలు కింద కొంత, పొగరు కింద కొంత కోసుకున్నారు. ఆ రోజు నించి రాత్రిళ్ళు తాళం ఇచ్చి వెళ్ళమన్నారు.

వారం తిరక్కుండా లోపల నానిన పీచు కుళ్ళి కంపు కొట్టడం మొదలైంది. తెరలున్నాయి, కొత్త హారనుంది, కారులో కూర్చోవాలంటే ముక్కు మూసుకోవాలి. కుట్లు విప్పి, పీచు ఎండబెట్టి, మళ్ళీ కుట్టాలి. "ఒరే, మీ నాయన్ని రమ్మను" అన్నాడు కామందు. ఇంటికొచ్చి చెప్పాను. మా నాయన పొయ్యి దగ్గర చుట్ట వెలిగించుకుంటున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఆరె మొద్దుబారిందని చెప్పు" అన్నాడు.

నాకు ఊహ తెలిశాక మా నాయన ఊళ్ళోవాళ్ళ పనికి రానన్న మొదటి మాట అదే. ఆరె మొద్దుబారలేదు. దాన్ని ఆ సాయంత్రమే రాయి మీద నూరి చూరులో పెట్టాడు. నేను వెళ్ళి ఆయన చెప్పినమాట చెప్పాను. కామందు నా మొహంలోకి చూశాడు. నేనూ చూశాను. సీటు చీరాల షాపుకి పోయింది.

మరుసటేడు, 1985 జూలై 17న, కారంచేడులో అగ్రకుల భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు చేత పట్టుకుని చీరాల చేరారు. కారంచేడు మాకు సైకిలు మీద పోగలిగినంత దూరం. రెండు రోజులకి మా కామందు అరుగు మీద పదిమంది చేరారు. నన్ను చూడగానే మాటలాగిపోయాయి. "రేపు పెందలాడే బండి తియ్యి, పక్కూళ్ళో మావాళ్ళ మీటింగుంది" అన్నాడు. నేను తాళం తీసి అరుగు మీద పెట్టాను. విసిరెయ్యలేదు, పెట్టాను. చీరాల శిబిరానికి వెళ్ళి బియ్యం మూటలు మోశాను. ఆ ఏడే దళిత మహాసభ ఏర్పడింది. వీళ్ళందరితో కలిసి మొదటిసారి ఒక లారీ వెనక ఎక్కి ఊరేగింపుకి పోయాను. నేను నడపకుండా ఎక్కిన మొదటి బండి అది.

ఆ తర్వాత కామందు స్టాండర్డ్ 2000 అనే కొత్త కారు కొన్నాడని విన్నాను. మద్రాసు స్టాండర్డ్ వాళ్ళు 1985లో తెచ్చారు దాన్ని. పై ఒళ్ళు ఇంగ్లండు రోవరుది, కొత్త షోకు. లోపల ఇంజను మాత్రం 1940ల నాటి వాన్‌గార్డ్ కారు డిజైనుది. పెట్రోలు తాగేది, బరువు లాగలేకపోయేది. 1988కల్లా దాన్ని ఆపేశారు. మా ఊరి పెద్దల నాగరికత గురించి నన్నెవరైనా అడిగితే ఆ కారునే చూపిస్తాను. పైన రోవరు, లోపల వాన్‌గార్డ్.

నేను సర్వీసు జీపు ఎక్కాను. నడిపిన బళ్ళన్నిటిలో పరమ చెత్తది ఏదంటే అదే. లెఫ్ట్ హాండ్ జీపు. పదిమంది పట్టేదాన్లో ఇరవై మందిని కుక్కాలి. లేకపోతే ఓనరుకి కిట్టదు. టైర్లు గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉండేవి. తలుపుల్లేవు. హారను కొట్టాలంటే రెండు వైర్లు కలపాలి. నా పక్కన ముగ్గురు. నేను సీటు అంచున సగం కూర్చుని, సగం గాల్లో వేలాడుతూ నడపాలి. గేరు మార్చాలంటే, "అయ్యా, కాస్త మోకాలు" అనాలి.

కాని ఆ జీపులో ఒక వింత జరిగేది. ఊళ్ళో పది గజాల దూరం నిలబడాల్సినవాళ్ళు జీపులో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చునేవాళ్ళు. మాలోడి భుజం మీద రెడ్డిగారి తల పడి నిద్రపోయేది. కోమటి గంప మీద మాదిగామె కాలు. అంటు పాటించడానికి చోటు కావాలి. జాగా లేని చోట అంటు నిలవదు. ఊరు మొగ రాగానే దిగి, చొక్కాలు దులుపుకుని, మళ్ళీ పది గజాలు. అయినా ఆ పావుగంట పోయింది కదా వాళ్ళకి.

ముందు సీటు మాత్రం పెద్దమనుషులదని ఆనవాయితీ. వాళ్ళొస్తే మావాళ్ళు చెప్పకుండానే దిగి వెనక్కి పోయేవాళ్ళు. ఒకరోజు మా గూడెం ముసలామె ఒకతె ముందు కూర్చుంది. తర్వాతి ఊళ్ళో తెల్ల పంచెల ఆసామి వచ్చి నిలబడ్డాడు. ముసలామె కదల్లేదు. "ముందు సీటుకి టిక్కెట్టు ఎంతరా అబ్బాయ్?" అని నన్నడిగింది. "రెండు రూపాయలే అవ్వా, ఎక్కడైనా" అన్నాను. "ఇచ్చాగా?" అంది. "ఇచ్చావు." "అయితే పోనీ" అంది. నేను ఆసామి వైపు తిరిగి, "వెనక చోటుంది బాబుగారూ" అన్నాను. ఆయన ఎక్కాడు. ఎండ అట్లాంటిది. చెత్త బండి అయితేనేం, ఆ రోజు దాన్ని కడిగి, ముందు దీపాలకి బొట్టు పెట్టాను.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. రోడ్ల మీద జీపులాగిపోయాయి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో మళ్ళీ అందరికీ గుర్తొచ్చింది. ఓనరు నన్ను కొన్నాళ్ళు రావద్దన్నాడు. ఆ కొన్నాళ్ళు అయిపోలేదు. హైదరాబాదు వచ్చేశాను. ఎస్సీ బాక్‌లాగ్ పోస్టుల్లో ఒక ఆఫీసులో డ్రైవరు ఉద్యోగం దొరికింది. మళ్ళీ అంబాసిడరే. తెల్లది. వెనక సీటు మీద తెల్ల తువ్వాలు. దానికి బ్రేకులు ఉన్నాయి. నేను సంతకం పెట్టి అడిగితే బ్రేకు కిట్టు వచ్చేది. అంబేద్కర్ మనకేం ఇచ్చాడని అడిగేవాళ్ళకి నేను పెద్ద పెద్ద మాటలు చెప్పను. బ్రేకు కిట్టు ఇచ్చాడని చెప్తాను.

ఒకసారి ఆ ఆఫీసుకి వచ్చిన అధికారి మావాడే. మొదటి రోజు అందరిలాగే వెనక కూర్చున్నాడు. రెండోరోజు తలుపు తెరవబోతే వద్దని, ముందుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఊరు అడిగాడు, పిల్లల చదువులు అడిగాడు. ఆఫీసు మెట్ల మీద గుమాస్తాలు చూశారు. "ఎంతైనా ఒకటేగా" అని ఎవరో అన్నారు. మూడోరోజు నించి ఆయన మళ్ళీ వెనకే కూర్చున్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆ వెనక సీటు దాకా రావడానికి వాళ్ళ ఇంట్లో మూడు తరాలు పట్టింది. ఒక పూట మర్యాద కోసం అది ఒదులుకోమనడానికి నేనెవర్ని?

2005లో చౌమహల్లా పాలెస్ జనానికి తెరిచాక ఆఫీసు అతిథుల్ని అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ నిజాం కార్లున్నాయి. వాటిల్లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటి. ఆరో నిజాం చేయించమన్నాడట, వచ్చేసరికి ఏడో నిజాం గద్దె మీదున్నాడు. వెనక సింహాసనంలాంటి సీటు. అన్నేళ్ళలో ఆ కారు 400 మైళ్ళు కూడా తిరగలేదంటారు. మా సర్వీసు జీపు రెండు రోజుల్లో తిరిగే దూరం. కామందు ఆల్బంలో ఉన్న కారు ఎదురుగా ఉంది. అందరూ వెనక సింహాసనాన్ని చూస్తున్నారు. నేను ముందు వైపు వెళ్ళి చూశాను. డ్రైవరు కూర్చునే చోటు. ఆ మనిషి పేరేంటో, ఆ సీటు కుట్టిన చెయ్యి ఎవరిదో ఏ పలక మీదా కనిపించలేదు.

మా అంబేద్కర్ సంఘంలో ఒక ఆదివారం ఒక కుర్రవాడు బాబాసాహెబు రాసిన 'వీసా కోసం ఎదురుచూస్తూ' చదివి వినిపించాడు. 1901లో పిల్లవాడైన అంబేద్కర్ తండ్రిని చూడ్డానికి వెళ్తూ మసూరు స్టేషనులో దిగాడు. మహార్లని తెలిశాక బండివాళ్ళెవరూ రానన్నారు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకి ఒప్పుకున్నాడు గాని, బండి పిల్లలే తోలుకోవాలన్నాడు. వాడు పక్కన నడిచాడు. ఆ తర్వాత 1929. అప్పటికి ఆయన పెద్ద చదువులు చదివిన బారిస్టరు. చాలీస్‌గావ్‌లో టాంగావాళ్ళు అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలమన్నారు. ఆయన మర్యాద పోకూడదని ఊళ్ళో మహార్లు టాంగా బాడుగకి తీసుకుని, ఎప్పుడూ టాంగా తోలని మనిషితో తోలించారు. కల్వర్టు మీద బండి చక్రం ఇరుక్కుంది. బాబాసాహెబు రాళ్ళ మీద పడ్డాడు. కాలు విరిగింది.

అది వింటుంటే నాకు నా బతుకు అద్దంలో తిరగేసి చూపించినట్టయింది. ఆయన్ని వెనక ఎక్కించుకుని ముందు కూర్చోమన్నారు వాళ్ళు. నన్ను ముందు కూర్చోబెట్టి వెనక ఎక్కొద్దన్నారు వీళ్ళు. అక్కడ తోలడం తక్కువ, ఇక్కడ కూర్చోవడం ఎక్కువ. సీటు ఏదైనా కావచ్చు, మన పక్కన పడే గీత మాత్రం ఒకటే. మీరు చదువుకున్న పిల్లలు. కులం ఎక్కడుందని ఎవరైనా అడిగితే, ఏ బండినైనా ఆపి ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడమనండి.

నాకూ ఒక ఆల్బం ఉంది, మనసులో. నాకంటూ ఒక పెద్ద షెడ్డు ఉంటే ఏం పెట్టుకుంటానో చెప్తాను. మసూరు ఎడ్లబండి. దాన్ని తోలే పని ఇక పిల్లలది కాదు. చాలీస్‌గావ్ టాంగా, బాగా తోలే మనిషితో సహా. మా సర్వీసు జీపు, కొత్త టైర్లతో. ఆ అంబాసిడర్, మా నాయన కుట్టిన సీటుతో, నీళ్ళు పొయ్యకముందు ఉన్నట్టు. అన్నిటికంటే ముందు వరసలో 108 బండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆ బళ్ళు మొదలయ్యాయి. నా దృష్టిలో రోల్స్ రాయిస్ దానికి సాటి రాదు. ఫోను చేస్తే వస్తుంది. వెనక పడుకోబెడుతుంది. దిగాక పసుపు నీళ్ళతో కడగరు. దాని కోసం గూడెం దారి వెడల్పు చేయమని మావాళ్ళు పంచాయితీ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. ఇప్పుడు సిమెంటు రోడ్డు పడింది. బండి మా ఇంటి గుమ్మం దాకా వస్తుంది.

నేను 2016లో రిటైరయ్యాను. మరుసటేడు మా అమ్మాయి ఉద్యోగం లోను మీద పాత చిన్న కారు ఒకటి కొంది. తనే నేర్చుకుంది. నేను నేర్పుతానంటే, "నువ్వు అరుస్తావు నాన్నా" అంది. మొదటిసారి అందరం కలిసి ఊరికి బయల్దేరాం. వాళ్ళమ్మ ముందు కూర్చుంటానంది. నేను వెనక కూర్చున్నాను. 38 ఏళ్ళు బండి నడిపినవాడికి వెనక ఎలా కూర్చోవాలో తెలీలేదు. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలీలేదు. ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా నా కుడి కాలు రేకుని తొక్కేస్తంది. అమ్మాయి అద్దంలోంచి చూసి నవ్వింది.

"ఈ కారుకి బ్రేకులున్నాయి నాన్నా. నిద్రపో" అంది.

నిద్ర రాలేదు. ఊరికే ఉండలేక సీటు అంచు మీద కుట్టు వెంట వేలితో రాసుకుంటూ పోయాను. మిషను కుట్టు. వరస బాగానే ఉంది గాని, వేలికి గాటు తగులుతోంది. మా నాయన కుట్టులో ఉన్న బిగువు దీన్లో సగం కూడా లేదు.